ఛోటీ లైన్ ఎటెల్తాది

రాయపూర్‌లో, మోవా పేటలో నేనుండే అపార్టుమెంటులో పై అంతస్తులోకి ఈమధ్య ఒక అమ్మాయి దిగింది. గుంటూరు వైపు పిల్ల, నేను పోయినేడు రిటైరైన కాలేజీలోనే లెక్చరరుగా చేరిందట. మొన్నొక శనివారం సాయంత్రం లిఫ్టు దగ్గర కనబడి, తెలుగువాళ్ళమన్న చనువు కొద్దీ, ఆంటీ, ఈ ఊళ్ళో ఆదివారం పూట చూడ్డానికి ఏమైనా ఉన్నాయా, బోరు కొట్టి చస్తున్నాను అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆదివారాలు తిరిగి తిరిగి పోగుచేసుకున్న జవాబు నా దగ్గరుంది కదా, ఏ చెరువు నుంచి మొదలుపెట్టాలా, ఏ వీధి పోహా జిలేబీ నుంచి మొదలుపెట్టాలా అని గొంతు సవరించుకుంటున్నాను. అంతలోకే ఆ పిల్ల ఫోనులో ఏదో నొక్కి, ఆఁ దొరికేసింది ఆంటీ, లిస్టు ఉంది, థాంక్యూ అని నవ్వి లిఫ్టులోకి వెళ్ళిపోయింది. పాపం తన తప్పేమీ లేదు. తెరిచిన నోరు మూసుకుని, మెట్ల మీదుగానే పైకి వచ్చాను. అప్పట్నించీ ఆ జవాబు చెప్పకుండానే మిగిలిపోయింది, అందుకే ఇలా కాగితం ముందేసుకున్నాను.

నేను రాయపూర్ వచ్చిననాటికి ఇది రాజధాని అయి ఎంతో కాలం కాలేదు. పేరుకు రాజధానే గాని సైకిల్ రిక్షాలూ, దుమ్మూ, మధ్యాహ్నం షట్టర్లు దించుకుని కునుకు తీసే దుకాణాలూ కలిసి పెద్ద పల్లెటూరిలాగే ఉండేది. నాది హనుమకొండ. అక్కడ గెస్టు లెక్చరరుగా ఏళ్ళతరబడి లెక్కలు చెప్పి, ఈసారి పర్మనెంటు చేస్తాం, వచ్చేసారి చేస్తాం అన్న మాటలు విని విని విసుగెత్తి, పేపర్లో ప్రకటన చూసి ఇక్కడ ఊరవతల మందిర్ హసౌద్ దాటాక కొత్తగా పెట్టిన ఇంజనీరింగు కాలేజీలో చేరిపోయాను. అప్పటికి ముప్పై అయిదు దాటాయి. పెళ్ళి కాలేదనడం కంటే నేనే కానివ్వలేదనడం న్యాయం, అది వేరే కథ. దేవేంద్ర నగర్‌లో ఒక సింధీ వాళ్ళింటి మేడమీద గది తీసుకున్నాను. వాళ్ళు మంచివాళ్ళే, కనబడితే నమస్తే చెప్పేవారు, అంతకుమించి ఇద్దరికీ మాటల్లేవు.

వారంలో ఆరు రోజులు కాలేజీ బస్సు లాక్కుపోయేది గనుక ఇబ్బంది తెలిసేది కాదు. ఆదివారమే కొండలాగా ఎదురొచ్చేది. బట్టలు ఉతుక్కుని, జుట్టు ఆరబెట్టుకుని, ఎస్టీడీ బూతులో వరసలో నిలబడి ఇంటికి ఫోను చేసి, మీటరు మీద అంకెలు పరిగెడుతుంటే బాగున్నాను, బాగున్నాను అని రెండుసార్లు చెప్పి పెట్టేశాక, ఇంకా మధ్యాహ్నం కూడా అయ్యేది కాదు. మా వీధి వెనకాల నుంచి ఒక చిన్న పట్టాల బండి కూత వేసుకుంటూ పోయేది, సాయంత్రం మళ్ళీ కూత వేసుకుంటూ వచ్చేది. ఆ రెండు కూతల మధ్యన ఉన్న సమయాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలిసేది కాదు. మీలో ఉద్యోగం కోసం ఒంటరిగా పైఊరు పోయినవాళ్ళుంటే ఆ మధ్యాహ్నాలు మీకూ తెలిసే ఉంటాయి, ఎండ గోడ మీంచి కిందికి జారడం చూస్తూ కూర్చోవడం. అలాంటి సమయంలోనే హనుమకొండ కాలేజీవాళ్ళు కబురు పెట్టారు, ఇప్పుడు నిజంగానే ఖాళీ ఉంది, వేసవి సెలవుల్లోగా ఏ సంగతీ తేల్చమని. వెళ్ళిపోవాలనే అనుకున్నాను. ఎవరికోసం ఉండాలి ఇక్కడ?

నేను తర్వాత అత్తయ్యా అని పిలవడం మొదలుపెట్టిన ఆవిడ పరిచయమైంది కూరల బజారులో. ఒక పెద్దావిడ పచ్చిమిరపకాయల బుట్ట ముందు నిలబడి, అమ్మేమనిషితో హిందీలో బేరమాడుతూనే, మధ్యమధ్య తనలో తాను, ఓలమ్మ, ఇవి మిరపకాయలేటి, బెండకాయలకి సెల్లెల్లు గాని, అని తెలుగులో గొణుక్కుంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ చటుక్కున తిరిగి చూసి, తెలుగమ్మాయివా అని అడిగి, అవునని తలూపేలోపే నా చెయ్యి పట్టేసుకున్నారు. ఊరేది, పేరేది అని ఏమీ అడగలేదు. "మనోల్లే! ఒక్కద్దానివే ఉన్నావేటి? ఆదివారం మా క్వార్టర్‌కి వచ్చీ, బస్, ఇంకేం సెప్పకు" అన్నారు. మిరపకాయలు కొనడం మర్చిపోయి నన్ను రిక్షా దాకా సాగనంపారు.

ఆవిడ భర్త, అంటే మామయ్య, రైల్వేలో గార్డు, గూడ్సు బళ్ళ మీద డ్యూటీ. సొంతూరు బొబ్బిలి పక్కన. రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు బాగానే ఉండేవారు, కొందరు రెండో తరం వాళ్ళు కూడాను. వాళ్ళలో ఒక ఆచారం ఉండేది, ఊళ్ళోకి కొత్తగా తెలుగు మనిషి ఎవరొచ్చినా ఏదో ఒక ఇంటివాళ్ళు వాళ్ళని ఆదివారాలు వెంట తిప్పి ఊరు చూపించాలి, బెంగ తీరేదాకా. నేను అత్తయ్య వాటాకి వచ్చాను.

ఊరు చూపించడమంటే వాళ్ళ లెక్కలో ఏమిటో నాకు మొదటి రెండు ఆదివారాల్లోనే బోధపడింది. కాలనీలో మన గుడి, మన పంతులుగారు, మన చింతపండూ మన వడియాలూ దొరికే మన కొట్టు, మన పద్ధతిలో దోసెలు పోసే ఒక ఇల్లు, మన సినిమా సీడీలు అద్దెకిచ్చే మన కుర్రాడి బడ్డీ. ఇవన్నీ చూపించి, తీసుకొచ్చి పీట వేసి, ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించి, ఇప్పుడు సెప్పు, మనూర్లో ఉన్నట్టు లేదూ అని ముఖంలోకి చూసేవారు. నేను తల వంచుకుని తినేదాన్ని. సర్వపిండీ, జొన్నరొట్టే తిని పెరిగినదాన్ని, పనసపొట్టు అక్కడే మొదటిసారి చూశాను. వాళ్ళ దృష్టిలో తెలుగు మాట్లాడే నేలంతా బొబ్బిలే. నేనొకసారి, అత్తయ్యా మా దిక్కు వేరే ఉంటది అని చెప్పబోతే, ఆవిడ, అవునవును, వండే సెయ్యి మారితే రుచి మారతాది మరి, అని ఇంకో గరిటె వేశారు. తిట్టుకోవాలో దండం పెట్టుకోవాలో తెలియని ప్రేమ అది.

కాని నిజం చెప్పాలి. ఆ ఆదివారాల తర్వాత గదికి వస్తే మునుపటికన్నా ఎక్కువ దిగులేసేది. వాళ్ళు నా బెంగ తీర్చడానికి వాళ్ళ ఊరిని తీసుకొచ్చి నాకిస్తున్నారు, అది నాది కాదు. కిటికీ బయట ఉన్న ఊరేమో ఇంకా పరాయిదే. ఎక్కడా కాలు మోపని దానిలా అయిపోయాను. ఒకటి రెండు వారాలు తలనొప్పని వెళ్ళడం మానేశాను. మూడోవారం ఆవిడే స్టీలు డబ్బాతో మేడెక్కి వచ్చారు, మోకాళ్ళ నొప్పులతో.

ఆ ఇంటిని గమనించేకొద్దీ నాకు ఇంకో సంగతి తెలిసింది. మంచం కింద నాలుగు చెక్కపెట్టెలు, పాతికేళ్ళ పైన ఎప్పుడో ఈ ఊరు వచ్చినప్పుడు సామాను తెచ్చుకున్నవి, అలాగే ఉండేవి. క్యాలెండరుకైనా గోడకి మేకు కొట్టలేదు, కిటికీ ఊచకి దారంతో కట్టేవారు. పెరట్లో తోటకూర తప్ప కాపు కాసే మొక్క ఏదీ వెయ్యలేదు. ఎందుకూ, ఎప్పటికైనా ఎల్లిపోయేవోల్లమే కదా అనేవారు. రైల్వేవాళ్ళకి ఏడాదికిన్ని అని ఉచిత పాసులు ఇస్తారు కదా, ఆ పాసులు ఒక్కటి కూడా వృథా కాకుండా బొబ్బిలి వెళ్ళడానికే వాడేవారు. కూతుళ్ళిద్దరినీ అటువైపే ఇచ్చారు. ఇంకెటువైపూ బండెక్కిన పాపాన పోలేదు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక, ఊరకే మాటవరసకి, మా వీధి వెనక పోతుందే ఆ చిన్న బండి, అదెక్కడికి పోతుంది అత్తయ్యా అని అడిగాను. ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ ఆగిపోయారు.

"ఆ ఛోటీ లైనా? ఏమోనమ్మా. ఎటెల్తాదో!"

"రాజిం. ఇంకోటి ధమ్తరీ." ఇది పేపరు వెనకాల నుంచి మామయ్య.

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"నువ్వడిగితే కదా."

నేను పకపకా నవ్వాను, అత్తయ్య నవ్వలేదు. వచ్చేవారం మనం ఎక్కుదాం అన్నాను నేను, ఎందుకన్నానో నాకే తెలియదు. మనకెందుకమ్మా, అక్కడ మనోల్లెవరున్నారు, ఫాల్తూగా, అని కొట్టిపారేశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా పెద్దలు? సరేలెమ్మని ఊరుకున్నాను. కాని శనివారం సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి మా సింధీ ఇంటివాళ్ళకి అత్తయ్య ఫోను వచ్చింది. పులిహోర కలుపుతున్నాను, టేసన్‌కి పొద్దున్నే వచ్చీ అని.

మాఘమాసపు ఎండ. అగ్గిపెట్టెల్లాంటి చిన్న చిన్న పెట్టెలు, చెక్క బల్లలు, పక్కన సైకిలు మీద పోయేవాడు కూడా మమ్మల్ని దాటి పోతున్నాడు. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని, ముందు కొంగు నిండా కప్పుకుని, ఏదో నేరం చేస్తున్నట్టు చూశారు. దేవేంద్ర నగర్ ఇళ్ళ వెనక గోడలు, ఆరేసిన చీరలు, తేలీబాంధా చెరువులో ఒళ్ళు ముంచి కళ్ళు మూసుకున్న గేదెలు, ఆ తర్వాత ఊరు అయిపోయి కోతలైన వరి మళ్ళు. దారిలో ఒక పల్లెటూరావిడ ఆకుకూరల గంపతో ఎక్కింది. అత్తయ్య ఆ ఆకు చూసి ఇదేమిటని అడిగారు, ఆవిడ తివరా భాజీ అంది, ఎలా వండుతావంటే ఎలా వండుతానో చెప్పింది, అలాక్కాదు ఆవ నూరి వెయ్యమని ఈవిడ, ఆవపిండి ఎందుకు వెల్లుల్లి చాలని ఆవిడ. నేను నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాను. అత్తయ్య మాట్లాడుతున్నది హిందీ కూడా కాదు, అచ్చమైన ఛత్తీస్‌గఢీ. ఏళ్ళ తరబడి పాలవాళ్ళతో, కూరలవాళ్ళతో, పనిమనిషితో మాట్లాడి మాట్లాడి ఆ భాష ఆవిడ నోట అమ్మమాటలా పలుకుతోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు. దిగేటప్పుడు ఆ గంపావిడ ఒక కట్ట ఊరికే చేతిలో పెట్టి, దీదీ, మళ్ళీ రా అని వెళ్ళిపోయింది.

రాజింలో మహానది ఆ కాలంలో నీళ్ళు తక్కువై ఇసుకే ఎక్కువగా ఉంటుంది. మూడు నదులు కలిసే చోట, ఆ ఇసుక మధ్యలో ఎత్తుగా శివాలయం. గట్టు మీది గుడి చూసుకుని వెళ్ళిపోదాం, ఆవిడ మోకాళ్ళు పడనివ్వవు అనుకున్నాను నేను. అత్తయ్య చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, నన్ను పిలవకుండానే ఇసుకలోకి దిగిపోయారు. మధ్యలో పిల్లకాలువలా నీళ్ళు పారుతున్న చోట నిలబడి, పాదాలు మునిగేదాకా చూసుకున్నారు. గుడి మెట్ల మీద పులిహోర తిన్నాం. ఆవిడ చేతులు కడుక్కుని ఏటి వైపు తిరిగి కూర్చున్నారు. తర్వాత అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఇంత దగ్గర్లో ఇంత ఏరుంటే, ఒక్కలు సెప్పలేదు సూడమ్మా నాకు."

కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ అంత ఒంటరిగా ఉన్నారని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ బెంగ నాకొక్కదానికే ఉందనుకున్నాను.

ఆ తర్వాత చూడాలి మా తిరుగుళ్ళు! ఆదివారం పొద్దున్నే పోహా మీద సేవ్, అదే సన్న కారప్పూస, చల్లించుకుని జిలేబీతో తినడం, ఆ తర్వాత ఒక చోటు. మ్యూజియం ఆవరణలో చెట్ల కింద ఎండకీ వానకీ నిలబడ్డ రాతిబొమ్మలు, వాటిలో ముక్కు విరిగిన ఒక దేవతని చూసి మా ఆడపడుచు లాగే ఉందని అత్తయ్య తీర్పు. బూఢా తలాబ్ గట్టు మీద సాయంత్రం వేరుశెనక్కాయలు. గోల్ బజారులో పూసలూ పసుపుకొమ్ములూ అమ్మే సందులు, అందులో కావాలని తప్పిపోవడం. పెనం మీద అప్పుడే తీసిన బియ్యప్పిండి చీలా అట్టు, టమాటా పచ్చడితో. చిన్న ఊరు, చూడ్డానికి ఏముందని ఎవరైనా అంటే మేమిద్దరం కొట్లాటకి పోయేలా అయ్యాం. వేసవి వచ్చింది. హనుమకొండకి రానని చెప్పేశాను. ఇంట్లోవాళ్ళు నన్ను పిచ్చిదానిలా చూశారు. అత్తయ్యకి చెబితే, నా చెయ్యి పట్టుకుని, "మంచి పని సేసినావు. మనిద్దరం ఉన్నాం కదా" అన్నారు. ఆ ఒక్క మాట మీదే నేనీ ఊళ్ళో ఉండిపోయాను.

కొన్నేళ్ళు గడిచాయి. మామయ్య రిటైరయ్యారు. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యక తప్పదు, బొబ్బిలి పక్కన స్థలం ఎప్పుడో కొన్నారు, ఇల్లూ లేచింది. ఎన్నో ఏళ్ళుగా అనుకున్నదే కదా, వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు, అత్తయ్యకి కూడా. మంచం కింది పెట్టెలు బయటికి వచ్చాయి. సామాను సర్దడానికి నేనూ వెళ్ళాను. అన్నీ అయ్యాక ఆవిడ ఖాళీ గోడ వంక చూసి, ఒక్క మేకైనా కొట్టుకోవలసిందమ్మా అన్నారు. స్టేషన్లో కాలనీ అంతా వచ్చింది, దండలు, మిఠాయిలు, ఫోటోలు. బండి కదిలేముందు కిటికీలోంచి నా వేళ్ళు పట్టుకుని, ఆదివారం ఎటెల్లినావో సాయంత్రం ఫోన్ సెయ్యి, తప్పకు, అన్నారు. నన్ను ఉండమన్న మనిషి వెళ్ళిపోయారు, నేను ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాను. ఆవిడ మీద నాకు కోపం కూడా వచ్చింది, ఎందుకు దాచుకోవాలి.

సొంతూరు వెళ్ళాక ఆవిడ సుఖపడ్డారా అంటే, లేదు. ఎరిగినవాళ్ళు సగంమంది పోయారు, ఉన్నవాళ్ళకి వీళ్ళు రాయపూరోళ్ళు. ఆవిడ పోహా చేస్తే అటుకుల ఉప్మాలో జిలేబీ ఏమిటని నవ్వారట. పాలబ్బాయితో పొరబాటున ఛత్తీస్‌గఢీలో మాట్లాడేశానని చెప్పి, నవ్వబోయి ఆగిపోయారొకసారి. ఉన్న ఊరూ కన్నతల్లీ అంటారు గాని, ఆవిడకి ఉన్న ఊరేదో ఆ వయసులో ఎవరు తేల్చగలరు? ఫోను తీయగానే ఆవిడ మొదటి ప్రశ్న, ఏటమ్మా, ఈ వారం ఎటెల్లావు. అందుకని ఏదో ఒక చోటికి వెళ్ళి తీరాలి నేను. ఒళ్ళు బాగోకపోయినా, వాన పడుతున్నా, ఇదివరకు పదిసార్లు చూసినదే అయినా సరే. ఒక్కదాన్నే వెళ్ళి, ఆవిడకి చెప్పడానికి కళ్ళు పెట్టుకుని చూసేదాన్ని. ముక్కు విరిగిన దేవత ఎలా ఉంది? అలాగే ఉంది అత్తయ్యా. తేలీబాంధాలో గేదెలు? గేదెల్ని రానివ్వడం లేదత్తయ్యా, చుట్టూ దీపాలు పెట్టారు, జనం నడవడానికి బాట వేశారు. ఛోటీ లైన్ ఎత్తేశారని చెప్పిన రోజు మాత్రం ఇంకేమీ అడగకుండా ఫోను పెట్టేశారు. పట్టాలు పీకేసి దాని మీదే పెద్ద రోడ్డు వేస్తున్నారని నేను చెప్పలేకపోయాను. తర్వాతి వారం, మళ్ళీ వేసినారేటి ఆ బండి, అని అడిగారు. ఆ పై వారం కూడా.

ఒక ఆదివారం సాయంత్రం అదే వేళకి అటునుంచే ఫోను మోగింది. మామయ్య గొంతు. ఆయన ఎప్పుడూ రెండు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడరు, ఆ రోజు, మీ అత్తయ్య పోయింది అని, ఒక్క ముక్కే మాట్లాడారు. నేను ఆ పొద్దున పాత బజారులో తిరిగి వచ్చి, చెప్పాల్సినవి వరసగా మనసులో పెట్టుకుని కూర్చున్నాను. అవన్నీ అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు రాజిందాకా పెద్ద లైను మీద మళ్ళీ బండి వేశారు, మందిర్ హసౌద్ మీదుగా, కొత్త రాయపూర్ మీదుగా. తెలియగానే ఒక్క క్షణం చెయ్యి ఫోను మీదికి పోయింది. అత్తయ్యకి చెప్పాలి కదా! మళ్ళీ వేసినారేటి అని ఆవిడ అడిగిన ప్రశ్నకి ఇన్నాళ్ళకి ఔనని చెప్పే వీలు దొరికింది. మొన్న ఆదివారం నేనే వెళ్ళి వచ్చాను. బండి బాగుంది, వేగంగా పోతుంది, సైకిళ్ళు దాటిపోవు. నది మధ్య గుడికి ఇప్పుడు వేలాడే వంతెన కట్టారు, జనమంతా దాని మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు నావి. గట్టు మీద ఒకామె తివరా భాజీ అమ్ముతుంటే ఒక కట్ట కొన్నాను, ఆవ నూరి వండుకుందామని.

ఊరు పెరిగింది, చూడ్డానికి బోలెడున్నాయి, ఫోను నొక్కితే వరసగా అన్నీ చెబుతుంది, దారి కూడా చూపిస్తుంది. బాగానే ఉంది, కొత్తగా వచ్చిన పిల్లలకి మాలాంటి చాదస్తుల పనసపొట్టు తిప్పలు లేవు. బజారులో తెలుగు వినబడితే చెయ్యి పట్టుకునేవాళ్ళూ లేరు.

ఆ ఆదివారం సాయంత్రం రాజిం నుంచి తిరిగి వచ్చేసరికి లిఫ్టులో ఆ పై అంతస్తు అమ్మాయే. నా చేతిలో ఆకుకూర కట్ట, చీర అంచుకి అంటిన ఇసుక చూసి, ఎక్కడికెళ్ళొచ్చారు ఆంటీ అని అడిగింది. రాజిం వెళ్ళానమ్మా, అక్కడ మూడు నదులు, అని నేను మొదలుపెట్టేలోగా లిఫ్టు నా అంతస్తులో ఆగింది. బై ఆంటీ అంది. నేను దిగి, తలుపు తీసుకుని, లైటు వేసి కూర్చున్నాను. సరిగ్గా అత్తయ్యకి ఫోను చేసే వేళ. ఎటెళ్ళొచ్చానో అడిగేవాళ్ళు ఎవరూ లేరు, అందుకే మీకు చెప్పాను.